తోలు డప్పు కొనాలా, ప్లాస్టిక్ డప్పు కొనాలా?

ఆషాఢం మొదటి వారం. జనగామకు బస్సులో అరగంట దూరంలో ఉండే మా ఊళ్లో బోనాల పనులు మొదలైనయి. వేపమండలు, పసుపు, కల్లుసాక సంగతి పెద్దలు చూసుకుంటారు. డప్పుల పంచాయితీ మాత్రం ఈసారి నా మీద పడ్డది. ముప్ఫయ్యేళ్లు బడిలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనోణ్ని. చప్పుడు గురించి చెప్పినవాడికి డప్పు గురించి తెలియకపోతుందా అని ఊరి లెక్క.

దళంలో ఎనిమిది డప్పులుంటే మూడింటి తోలు పోయింది. ఒకదాన్ని ఎలుకలు కొరికినయి, ఒకటి నడుమ చీలింది, మూడోది పోయినేడు వానకు నాని మళ్లీ బిగుసుకోనే లేదు. కొత్తవి తేవాలి. కుర్రాళ్లదొక మాట.

"ప్లాస్టిక్‌వే దెద్దాం సార్. వానకు నానవు, మంట వెట్టుడు లేదు. ఒక్క తోలు డప్పు పైసలకు రెండొస్తయి."

నలభై ఏళ్లుగా డప్పు మోసిన పెద్దాయనదొక మాట.

"గవి డప్పులా బిడ్డా? డబ్బలు."

ఇద్దరూ నా ముఖం చూసిండ్రు. నేను వారం గడువడిగిన.

జనగామకు ముందొచ్చే పెంబర్తిలో ఇత్తడి పని కొనడం దీనికంటే తేలిక. బొమ్మను చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే సుత్తిదెబ్బల పనితనం కంటికి కనబడుతుంది. డప్పు ధర కంటికి అందదు. అంగట్లో నిలబడి చెవికే నమ్ముదామంటే, చెవి ఎంత తొందరగా మోసపోతుందో నాకు తెలుసు. అందుకే మొదట తోలు దగ్గరికే పోయిన.

డప్పంటే ఒక గుండ్రటి చట్రం, దాని మీద ఒకవైపు మాత్రమే బిగించిన మేకతోలు. చట్రం వేపచెక్కతో చేసేది, ఇప్పుడు ఇనుప రింగులూ వచ్చినయి. సున్నం నీళ్లలో నానబెట్టి బొచ్చు తీసిన తోలును తడిగా ఉన్నప్పుడే చట్రం మీద పరిచి, చింతగింజల జిగురుతో అంటించి, వెనకవైపు తోలుతాళ్లతో గుంజి కడతారు. ఆ మీద నీడలో ఆరబెడతారు. అసలు పని ఆ ఆరడంలో జరుగుతుంది. తడి తోలు ఎండేకొద్దీ ముడుచుకోవాలని చూస్తుంది, చట్రమేమో ముడుచుకోనివ్వదు. ఆ పెనుగులాటే బిగువు. మనిషి చేతులు గుంజేది కొంతే, మిగతాది తోలు తనను తానే గుంజుకుంటుంది.

చప్పుడంతా ఆ బిగువు మీదే నిలబడి ఉంది. బిగించని తోలు ఉత్త గుడ్డముక్క, కొడితే పలకదు. పలికే స్థాయి బిగువుకు వర్గమూలంగా పెరుగుతుంది. అంటే డప్పు రెట్టింపు ఎత్తులో పలకాలంటే బిగువు నాలుగింతలు కావాలి. తగ్గడం మాత్రం తేలిక. బిగువు 19 శాతం తగ్గితే స్థాయి 10 శాతం దిగుతుంది. హార్మోనియం మీద చూస్తే ఇంచుమించు రెండు మెట్లు కిందికి. దాన్నే మావాళ్లు "డప్పు మెత్తవడ్డది" అంటారు.

మెత్తబడడానికి వాన మీద పడనక్కర్లేదు, గాలిలో తేమ చాలు. తోలులో ఉన్నది కొల్లాజెన్ అనే ప్రొటీను పోగులు. నీరంటే వాటికి మహా ఇష్టం. ముసురు పట్టినప్పుడు ఎండు తోలు తన బరువులో ఐదో వంతు దాకా నీటిని గాలిలోంచే పీల్చుకోగలదు. పోగుల మధ్యకు నీరు చేరితే అవి ఒకదాని మీద ఒకటి జారతాయి, తోలు సాగుతుంది, బిగువు పోతుంది. మంట దగ్గర పెడితే ఆ నీరు పోయి పోగులు మళ్లీ దగ్గరకు జరుగుతాయి. ఆటకు ముందు ఎండుగడ్డో పాత పేపర్లో అంటించి, డప్పును మంటకు కాస్త ఎత్తున పట్టి తిప్పుతూ, నడుమనడుమ వేలితో కొట్టి వింటూ కాపేది ఇందుకే. కొలిచే మీటరు ఉండదు, చెవే మీటరు.

ఈ కాపుడులో ఒక ప్రమాదముంది. తడిసిన పచ్చి తోలులో కొల్లాజెన్ 60–65 డిగ్రీల దగ్గర తన అల్లిక విప్పేసుకుని ముడుచుకుపోతుంది. ఆ ముడుచుకోవడానికి తిరుగు లేదు. ఎండు తోలు ఇంకాస్త వేడికి ఓర్చుకుంటుంది. కాబట్టి నానిన డప్పును తొందరపడి మంటలోకి వంచితే చర్రున చీలుతుంది. మా దళంలో నడుమ చీలిన రెండో డప్పు కథ అదే. వంచిన చెయ్యి ఎవరిదో అందరికీ తెలుసు, ఎవరూ పేరెత్తరు.

ప్లాస్టిక్ డప్పు గుణం సరిగ్గా దీనికి తలకిందులు. దాని మీద ఉండేది పాలిస్టర్ పొర. 1950ల్లో ఇలాంటి పొరలు మార్కెట్లోకి వచ్చినంక, 1957 ప్రాంతంలో అమెరికాలో చిక్ ఎవాన్స్, రెమో బెల్లీ లాంటివాళ్లు వాటిని డ్రమ్ముల మీద తోలుకు బదులుగా బిగించడం మొదలుపెట్టిండ్రు. పాలిస్టర్ తన బరువులో ఒక శాతం నీరు కూడా తాగదు. ముసురుకు దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కానీ వేడికి ముడుచుకోదు, సాగుతుంది. 70–80 డిగ్రీలు దాటితే మెత్తబడి ఆకారమే పోతుంది. పోయినేడు ఒక కుర్రాడు అలవాటు కొద్దీ ప్లాస్టిక్ డప్పును కూడా మంట దగ్గరికి తీసుకుపోయిండు. తర్వాత ఆ డప్పు నడుమ ఒక గుంట పడింది. అందులో ఇప్పుడు పసుపు కలుపుకుంటున్నరు.

ఇక్కడి దాకా లెక్క సులువే: వానకు ప్లాస్టిక్, ఎండకు తోలు. శివరాత్రికి మహబూబాబాద్ దిక్కు కురవి వీరభద్రస్వామి జాతరకు పోతే తోలు డప్పుకు పండుగే. ఎండలు ముదురుతుంటయి, గాలి పొడిగా ఉంటది, తోలు కాపకుండానే ఖంగుమంటది. మాఘంలో మేడారం జాతరకు పోతే వేరు. ఆ అడవిలో పగలు ఎంత ఎండ కాసినా రాత్రి మంచు దిగుతది. తెల్లారేసరికి డప్పులన్నీ చలికి ముడుచుకు కూచున్న ముసలోళ్లలాగ మూలుగుతయి. చెట్టుకొకటి చొప్పున నెగళ్లు వెలిగేది మనుషుల కోసమే అనుకుంటే పొరపాటు.

కానీ పెద్దాయన "డబ్బ" అన్నది వాన గురించి కాదు, చప్పుడు గురించి. దాన్ని తేల్చడానికి దెబ్బ పడ్డప్పుడు తోలు మీద ఏం జరుగుతుందో చూడాలి.

తీగ మీటితే వచ్చే ధ్వనిలో మూలస్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు ఉన్న ఉపస్వరాలు వరసగా కలిసి ఉంటాయి. చెవి వాటిని ఒక్క స్వరంగా కలిపి వింటుంది. గుండ్రటి తోలు ఈ పద్ధతి పాటించదు. దాని ఉపస్వరాలు మూలానికి 1.59 రెట్లు, 2.14 రెట్లు, 2.30 రెట్లు. ఇవి ఒకదానితో ఒకటి పొసగవు. అందుకే డప్పుకు "సా" అని చెప్పుకోదగ్గ స్వరం ఉండదు. తబలాకు, మృదంగానికి ఉంటుంది. వాటి నడుమ వేసే నల్లటి ముద్ద ఆ ఉపస్వరాలను దాదాపు పూర్ణాంకాల వరసలోకి తెస్తుంది. ఈ కిటుకును 1920లో నేచర్ పత్రికలో వివరించింది విశాఖపట్నంలో చదువుకుంటూ పెరిగిన సి.వి. రామన్. డప్పుకు ఆ ముద్ద లేకపోవడం లోపమని నేననుకోను. పాటకు పక్కన కూచుని శ్రుతి కలిపే పని దానిది కాదు. దండోరా వేయడం, పిలవడం, నలుగురిని నిలబెట్టడం దాని పని.

ఇంకొక సంగతి. డప్పుకు వెనక మూత లేదు. తోలు ముందుకు ఉబికినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటే వెనక గాలి పలచబడుతుంది. సెకనుకు 100 కంపనాల ధ్వని తరంగం పొడవు 3.4 మీటర్లు, డప్పు వెడల్పేమో అర మీటరుకు అటూ ఇటూ. అంత పొడవాటి తరంగం అంచు చుట్టూ తిరిగి వెనకదాన్ని కలుసుకుని చాలావరకు రద్దయిపోతుంది. 1000 కంపనాల తరంగం పొడవు 34 సెంటీమీటర్లే, అది అంత తేలిగ్గా చుట్టు తిరగలేదు. కాబట్టి డప్పు నుంచి దూరానికి పోయేది గుండెల్లో దద్దరిల్లే కింది స్థాయి కాదు, చెవిని పొడిచే నడిమి, పై స్థాయిలే. ఒగ్గుడోలుకు రెండు వైపులా తోలుంటుంది, నడుమ గాలి బందీగా ఉంటుంది. జనగామ జిల్లా మాణిక్యాపురం చుక్క సత్తయ్య ఒగ్గుకథలో ఆ డోళ్ల గంభీరం విన్నవాళ్లకు తేడా చెప్పనక్కర్లేదు.

చేతుల్లో ఉండే రెండు పుల్లలు ఈ స్థాయిలను పంచుకుంటాయి. కుడిచేతి సిర్ర పొట్టిగా, లావుగా ఉంటుంది. అది తోలు మీద కాస్త ఎక్కువసేపు ఆగుతుంది, కింది స్థాయిలను లేపుతుంది. ఎడమచేతి సిటికెన పుల్ల సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అది అంచు దగ్గర తాకీతాకనట్టు తాకి లేస్తుంది, ఆ క్షణంలో పై స్థాయిలన్నీ మేలుకుంటాయి. సరిగ్గా నడిబొడ్డున కొడితే గుండ్రంగా ఊగే కొన్ని తీరులే లేస్తాయి. అంచుకు జరిగితే తోలు ముక్కలుముక్కలుగా విడిపోయి రకరకాలుగా ఊగుతుంది. ఒక్క వాద్యంలో నాలుగైదు గొంతులు ఉండడానికి ఇదీ కారణం.

తోలుకూ పాలిస్టర్‌కూ తేడా ఇక్కడ వస్తుంది. తోలు పోగుల అల్లిక. ఊగినప్పుడు పోగుకు పోగు రాసుకుని శక్తిని మింగుతుంది. మీది స్థాయిలు ముందుగా చస్తాయి, దెబ్బ గుండ్రంగా తెగుతుంది. పాలిస్టర్ పొర అంతటా ఒకే మందం, లోపల రాపిడి తక్కువ. మీది స్థాయిలు ఇంకాసేపు మోగుతూ "టంగు" అనే తోక మిగులుతుంది. పెద్దాయన డబ్బ అన్నది ఆ తోకనే. వడిగా దరువేసేటప్పుడు ఆ తోక మీద తోక పడి దెబ్బలు కలిసిపోతాయి.

ఇదంతా సిద్ధాంతం. నిజంగా చెవికి తెలుస్తుందా?

ఈ ప్రశ్నను ఇంతకంటే ఖరీదైన వాద్యాల మీద వేసి చూసినవాళ్లున్నారు. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో క్లాడియా ఫ్రిట్జ్ బృందం 21 మంది వయొలిన్ విద్వాంసులకు నల్ల కళ్లద్దాలు పెట్టి ఆరు వయొలిన్లు చేతికిచ్చింది. మూడు కొత్తవి, మూడు పాత ఇటలీవి. ఆ పాతవాటిలో రెండు స్ట్రాడివేరియస్‌లు, ఒకటి గ్వార్నేరి. పాత చెక్క వాసన పట్టేయకుండా గడ్డం ఆనే చోట అత్తరు కూడా పూసిండ్రు. ఎక్కువమంది కోరుకున్నది ఒక కొత్త వయొలిన్‌ను, అన్నిటికంటే తక్కువ మెచ్చింది ఒక స్ట్రాడివేరియస్‌ను. 2018లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు మరొకటి ప్రచురించారు: వెనక, పక్క చెక్కలు మాత్రమే వేరుగా ఉన్న ఆరు గిటార్లు, 52 మంది వాయించేవాళ్లు, వెలుగు తగ్గించిన గది. అరుదైన బ్రెజిల్ రోజ్‌వుడ్‌కూ మామూలు చెక్కకూ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

దీంతో చేతిపని అంతా వట్టిదేనని తీర్మానించే తొందరపాటు నాకు నచ్చదు. నా మనవరాలు హైదరాబాద్‌లో యుకులేలే నేర్చుకుంటోంది. రెండు మూడు వేలకు దొరికేది వద్దట, దానికి పదింతలు పోసి చేత్తో చేసింది కావాలట. 1879 ఆగస్టు 23న రేవెన్స్‌క్రాగ్ అనే ఓడ పోర్చుగల్ వాళ్ల మదీరా దీవి నుంచి కూలీలను తీసుకుని హొనొలులు చేరింది. అందులో దిగిన నూనెస్, డియాస్, ఎస్పిరిటో సాంటో అనే ముగ్గురు వడ్రంగులు తమ దీవి చిన్న గిటారును హవాయి చెక్కతో చేయబోతే పుట్టిన వాద్యమది. దాని పై పలక మందం రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పలక గట్టిదనం మందానికి ఘనంగా మారుతుంది. అంటే 2 మిల్లీమీటర్ల పలకను 1.8కి చెక్కితే గట్టిదనం 27 శాతం పడిపోతుంది. ఫ్యాక్టరీ పలక ఎక్కడా పగలకూడదు కాబట్టి మందంగా, అతికిన పొరలతో ఉంచుతారు. చేత్తో చేసేవాడు పలకను వేలితో తట్టి వింటూ, ఈ చెక్క ఇంకెంత సన్నబడితే ఓర్చుకుంటుందో చూసి ఆగుతాడు. ఎక్కువ డబ్బు పెట్టి కొనేది ఆ మిల్లీమీటరులో ఐదో వంతును. ముత్యపు చిప్ప పొదుగులకు, అరుదైన చెక్క పేరుకు పెట్టేది కాదు. అది వినబడదు. పాపకు అదే చెప్పిన: కొట్టులో రెండూ తీసుకో, అమ్మేవాణ్ని నీ వెనక నిలబెట్టి వాయించమను, ఏది ఏదో పదిసార్లు చెప్పు.

డప్పు దగ్గర చెక్కే పలక లేదు. చేతిపని అంతా తోలు ఎంపికలో, దాన్ని పరిచే తీరులో ఉంది. మేక వెన్ను మీది తోలు మందం, పొట్ట దగ్గరిది పలచన. వెన్నుగీత డప్పుకు ఎక్కడ పడాలో చేసేవాడికి తెలియాలి. లేకపోతే ఒకవైపు బిగువు ఎక్కువై, ఒకవైపు తక్కువై డప్పు రెండు గొంతులతో మాట్లాడుతుంది.

మనవరాలికి చెప్పిన పరీక్షే మేమూ పెట్టుకున్నం. వాన తెరిపిచ్చిన ఒక పొద్దుటిపూట, బడి గోడ వెనక ఒక మంచి తోలు డప్పు, ఒక మంచి ప్లాస్టిక్ డప్పు. ప్లాస్టిక్‌దాని నట్లు తిప్పి రెండింటినీ చెవికి ఒకే స్థాయికి తెచ్చినం. బొమ్మా బొరుసా వేసి ఏది వస్తే అది, ఒకే మనిషి, అవే పుల్లలు, అదే దరువు. వినేవాళ్లు డెబ్బయ్ అడుగుల దూరంలో. పదిసార్లలో ఎక్కువమంది ఆరు సరిగ్గా చెప్పిండ్రు, బొమ్మా బొరుసా కంటే కాస్త మేలు అంతే. "నాకు నిద్రల గూడ తెలుస్తది" అన్న కుర్రాడికి నాలుగు వచ్చినయి.

తర్వాత పెద్దాయన కళ్లకు తువ్వాల కట్టినం. బరువును బట్టి పసిగట్టకుండా డప్పును ఇంకొకడు పట్టుకుని నిలబడ్డడు, ఈయన పుల్లలతో కొట్టుడే. పదికి పది. చెవుల్లో దూది పెట్టమన్నడు. పెట్టినం. మళ్లీ పదికి తొమ్మిది.

"చెవిది కాదు సార్, చెయ్యిది" అన్నడు తువ్వాల విప్పుకుంటూ.

నేను అనుకోనిది అదే. పాలిస్టర్ పొర దెబ్బ శక్తిలో ఎక్కువ భాగాన్ని పుల్లకు తిరిగి ఇచ్చేస్తుంది. సిటికెన పుల్ల తానే ఎగురుతుంది. తోలు కొంత మింగి, ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా తిప్పి పంపుతుంది. ఆ ఆలస్యం మీదే ఆయన నలభై ఏళ్ల దరువు కూర్చుకుని ఉన్నది. ప్లాస్టిక్ మీద కొత్తగా నేర్చుకున్న పిల్లలకు తోలు మొద్దుగా అనిపిస్తది. వాళ్ల చేతులు ఇంకో లెక్క నేర్చుకున్నయి మరి. అదే సాయంత్రం ముసురు పట్టినంక పరీక్ష మళ్లీ పెడితే డెబ్బయ్ అడుగుల దూరంలో చిన్నపిల్లలు కూడా పదికి పది చెప్పిండ్రు, ఎందుకంటే తోలు డప్పు అప్పటికే మెత్తవడి మూలుగుతున్నది.

గుంపు లెక్క కూడా వేయాలి. ఒక డప్పు పక్కన అంతే గట్టిగా ఇంకొక డప్పు మోగితే ధ్వని పెరిగేది 3 డెసిబెల్లే. పది మోగితే 10 డెసిబెల్లు, చెవికి అది ఇంచుమించు రెట్టింపు మోతగా తోస్తుంది. పైసలు తక్కువుండి మోత కావాలంటే ఒక మంచి డప్పు కంటే రెండు మామూలువి మేలే, కానీ ఆశించినంత మేలు కాదు. గుంపులో ఎనిమిది డప్పుల తోకలు ఎట్లాగూ కలిసిపోతాయి. దరువు ఎత్తుకునేవాడి దెబ్బ ఒక్కటీ విడిగా వినబడాలి. ఆ ఒక్కటి మాత్రం తోలుదై ఉంటే మిగతా ఏడూ ఏవైనా ఫరవాలేదని నా తీర్పు. పెద్దాయనకు ఈ తీర్పు సగమే నచ్చింది.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ లెక్క అబద్ధమవుతుంది. యుకులేలేకు చేతిపని అంటే ధర పెరుగుతుంది. డప్పుకు చేతిపని అన్నందుకే తరతరాలుగా ధర పడిపోయింది, ఎందుకంటే ఆ చెయ్యి మాదిగ చెయ్యి. తోలు ఊరి పశువుది, పని వెట్టిది, కూలి తవ్వెడు గింజలు. చావుకు కొట్టమంటే కొట్టాలి. 1994లో మాదిగ దండోరా ఉద్యమం అదే డప్పును తన గుర్తుగా భుజానికెత్తుకున్నది. ఇవాళ తోలు డప్పు ధర ఎక్కువైందని గునిసేవాళ్లకు నేను చెప్పేది, ఇన్నాళ్లూ అది ధర కాదని. ప్లాస్టిక్ డప్పు వచ్చినంక ఊళ్లో అన్ని ఇండ్ల పిల్లలూ డప్పు పడుతున్నరు. సంతోషమే. తోలు వాసన లేనందుకే పడుతున్నరేమో అని మాత్రం ఒక అనుమానం నాకు పోదు.

గడువు తీరినంక నలుగురం కలిసి మహబూబాబాద్ దిక్కు డప్పులు చేసే ఒక పెద్దమనిషి దగ్గరికి పోయినం. ఒక్క తోలు డప్పు కావాలన్నం. ఆయన పైసల మాట ఎత్తలే.

"ఎవలు కొడ్తరు?"

పెద్దాయనను చూపించినం. ఆయన అరచేతిని పట్టి తిప్పి చూసి, సిటికెన పుల్ల ఆనిన కాయల మీద బొటనవేలితో రాసిండు.

"ఎప్పుడు గావాలె?"

"వచ్చే ఆదివారం బోనాలే అన్నా."

"గట్లైతే గాదు. ఈ ముసుర్ల తోలు ఆరదు, మురుగుతది. ఆరినట్టు కనవడ్డా లోపల పచ్చిగనే ఉంటది. దసరా దాటినంక రాండ్రి, ఎండ వడ్డంక ఏస్త."

బయానా ఇయ్యబోతే తీసుకోలే. తిరుగు బస్సులో కుర్రాళ్లు జనగామలో దిగి మూడు ప్లాస్టిక్ డప్పులు కొన్నరు. ఇంటికొచ్చేసరికి వాన. పెద్దాయన ఆ కొత్తవాటిలో ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని చూరు కింద కూచున్నడు. సిటికెన పుల్లను ఒక వేలు కిందికి జరిపి పట్టుకుని, మళ్లీ పైకి జరిపి, ఆ ఎగిరే పొర మీద దరువు ఎక్కడ నిలబడుతుందో వెతుక్కుంటున్నడు.